ఒక్కరోజులో నాలుగు త్రైమాసికాలు

కరీంనగర్‌లోని ఆ క్యాన్సర్ ఆసుపత్రికి పరిపాలనాధికారి అయిన కరుణాకర్‌రావు ఆ డిసెంబరు సోమవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఒక మనిషి చేత సంతకం పెట్టించుకోవాలి. పదింబావుకు నాలుగు కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పదిన్నరకు టిఫిన్ చేయాలి. పాపం, మనిషన్నవాడు ఇంతకంటే తక్కువ ఏం ఆశపడతాడు!

ఆ కాగితాల సంగతి ముందు చెప్పాలి. ఆసుపత్రికి ఒక పెద్ద సంస్థ ఇచ్చిన గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ఉన్నంతకాలమే ఒక ట్రస్టు వాళ్లు పేద రోగులకు మందులు ఉచితంగా పంపుతారు. రెండు వందల పన్నెండు మంది ఆ మందులనే నమ్ముకుని ఉన్నారు. గుర్తింపు నిలవాలంటే ఏటా వివరాలన్నీ సరిచేసి పంపాలి. అందులో ముఖ్యమైనవి, మూడు నెలలకొకసారి క్యాన్సర్ కమిటీ కూర్చుని మాట్లాడినట్టు రాసిన మినిట్స్. గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు. ఆ ఏడాది కమిటీ ఎన్నిసార్లు కూర్చుందంటారా? ఒక్కసారీ కూర్చోలేదు. డాక్టర్లకు రోగులున్నారు, ఆఫీసుకు ఫైళ్లున్నాయి, కూర్చునే తీరికే ఎవరికీ లేదు.

అందుకని రికార్డులు చూసే విద్యాధర్ నాలుగు సమావేశాలనూ ఆదివారం ఇంట్లో ఒక్కడే జరిపేశాడు. ఒకదానికి నీలం సిరా, ఒకదానికి నలుపు వాడాడు. నిజంగా జరిగినట్టు కనబడాలని మూడోదాని మీద చాయ్ గ్లాసు మరక కూడా వేశాడు. డాక్టర్ వందన పొద్దున్నే వరండాలో నడుస్తూనే నాలుగింటి మీదా సంతకాలు చేసింది. హెడ్ నర్సు పద్మలత చేసింది. ఇక మిగిలింది రోగుల ప్రతినిధి సంతకం.

ఆ ప్రతినిధి హుజూరాబాద్ దగ్గరి ఊరి రైతు, కొమురెల్లి. గొంతు క్యాన్సర్ వచ్చి ఇక్కడే నయమైనవాడు. ఆయన్ని ఎన్నుకోవడానికి పెద్ద కసరత్తేమీ జరగలేదు. నిరుడు పేరు పంపాల్సిన గంటలో ఆధార్ జిరాక్సు చేతబట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడిన మనిషి ఆయనొక్కడే. ఆయన ఊళ్లో రెండుసార్లు వార్డు మెంబరుగా చేశాడనీ, గ్రామసభలో చదివి వినిపించని కాగితం మీద ఏనాడూ సంతకం పెట్టలేదనీ ఆధార్ కార్డు మీద రాసి ఉండదు కదా.

కొమురెల్లి పదింటికల్లా వచ్చాడు. ఉతికిన ధోవతి, తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు.

"కాకా, ఈడొకటి, ఈడొకటి, ఈడొకటి, ఈడొకటి," అని విద్యాధర్ నాలుగు చోట్ల వేలుపెట్టి చూపించాడు.

"సదువు బిడ్డా."

"అన్నీ మామూలు ముచ్చట్లే కాకా."

"మామూలుయే సదువు. ఇంట్ల అద్దాలు మర్చి వచ్చిన."

విద్యాధర్ గుక్కతిప్పుకోకుండా చదివాడు. "మార్చి పద్నాలుగున జరిగిన సమావేశంలో రోగుల ప్రతినిధి శ్రీ కొమురెల్లి పాల్గొని, ఆసుపత్రి సేవలపై సంపూర్ణ సంతృప్తి వ్యక్తం చేశారు."

"మార్చి పద్నాలుగా?" కొమురెల్లి తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "గా దినం మా బామ్మర్ది పెద్దకర్మ. ఊరు ఊరంత నన్ను జూసింది. ఒక్క మనిషి ఒక్కనాడు రెండు జాగలల్ల ఎట్లుంటడు?"

కబురు విని కరుణాకర్‌రావు నవ్వుతూ వచ్చాడు. "ఏం కొమురెల్లీ, మంచిగున్నవా? గీ చిన్నదానికి పంచాదెందుకు? పెట్టు సంతకం, టిఫిన్ చేద్దాం."

"సారూ, నా పానం నిలవెట్టింది మీ దవాఖాన. మీ మీద నాకేం కోపం లేదు. మీటింగు పెట్టుండ్రి. పెట్టినంక సంతకం పెడ్త."

"సరే, పది నిమిషాలు కూసుందాం. ఒడిసిపోతది."

"ఒక్కటి గాదు సారూ. నాలుగు కాయిదాలున్నయి. నాలుగు మీటింగులు."

కరుణాకర్‌రావు గట్టిగా నవ్వాడు. చుట్టూ చూస్తే ఇంకెవరూ నవ్వడం లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకని, మీటింగు గదిలో ఐదు కుర్చీలు వేయించాడు.

మొదటి త్రైమాసికం పదీ నలభైకి మొదలైంది. డాక్టర్ వందన స్టెతస్కోపు మెడలోనే ఉంచుకుని కుర్చీ అంచున కూర్చుంది. రోగుల సౌకర్యాల గురించి ఎవరైనా మాట్లాడతారా అని విద్యాధర్ అడిగాడు. అలా అడగడం ఆచారమే తప్ప, ఎవరైనా మాట్లాడడం ఆచారం కాదు. కొమురెల్లి లేచి నిలబడ్డాడు.

"నేను ఎనిమిది నెలలు తిరిగిన ఈడికి. నాదంటె దగ్గరూరు. జైనూర్ నుంచి, కాగజ్‌నగర్ నుంచి వచ్చెటోళ్లు కోడికూయంగ లేస్తరు. వాళ్లకు కీమో సూది ఎక్కేవరకు మూడు దాటుతది. మూడున్నరకు ఆసిఫాబాద్ బస్సు పోతది. గది పోతె బస్టాండ్‌ల పడుకునుడే. సూది ఎక్కినంక కడుపుల ఎట్లుంటదో మీకెర్కనా సారూ? గా బెంచీల మీద వాంతులు జేసుకుంట కూసున్న ఆడోళ్లను నేను కండ్లార జూసిన. గది జూసినోనికి సంపూర్ణ సంతృప్తి ఎట్లుంటది?"

ఒక విషయాన్ని వదిలించుకోవడానికి తీర్మానం కంటే దగ్గరి దారి లేదని కరుణాకర్‌రావు అనుభవం. "దూరం నుంచి వచ్చినోళ్లకు ముందుగాల సూది. తీర్మానం రాయి విద్యాధర్," అన్నాడు. మార్చి తేదీనీ సంతృప్తి వాక్యాన్నీ కొట్టేయించి, ఆనాటి తేదీ వేయించుకుని, కొమురెల్లి ఒక సంతకం పెట్టాడు.

రెండో త్రైమాసికం పదకొండూ పదికి మొదలైంది. విద్యాధర్ రాసుకున్న నమూనాలో మొదటి అంశం 'గత సమావేశ తీర్మానాల అమలు'. అది చదివి, నాలుక కరుచుకున్నాడు.

"ఏమైంది మరి?" అన్నాడు కొమురెల్లి.

"ఇప్పుడే గదా కాకా అనుకున్నం. అరగంట గూడ కాలే."

"గిది జూన్ మీటింగు గదా బిడ్డా. మీ కాయిదం ప్రకారం మూడు నెలలాయె. మూడు నెలలల్ల ఒక్క లైను మార్చలేకపోయిండ్రా?"

"పరిశీలనలో ఉన్నదని రాయి," అన్నాడు కరుణాకర్‌రావు.

"గొర్రె తోక బెత్తెడే అన్నట్టుంది మీ పరిశీలన. అమలైనంకనే పిలువుండ్రి, నేను ఈడనే కూసుంట."

చేసేది లేక పద్మలత బయటికి వెళ్లి, దూరపు ఊళ్లవాళ్ల పేర్లు ముందుగా పిలిచింది. అసలు గొడవ అక్కడ అంటుకుంది. కరీంనగర్ వాడే అయిన హనుమండ్లుకు నాలుగో నంబరు టోకెన్ ఉంది. "పొద్దుగాల ఆరింటికి వచ్చి నిలవడ్డ. నన్ను ఎన్కకు పొమ్మంటరా? ఎవలు జెప్పిండ్రు?" అని లేచాడు. కమిటీ అని చెప్పింది పద్మలత. "ఏడున్నది గా కమిటీ?" అంటూ ఆయన మీటింగు గది దగ్గరికి నడిచాడు. ఆయన వెనక ఇద్దరు నడిచారు. వాళ్లను చూసి, టోకెన్లు ఇప్పుడు అక్కడ ఇస్తున్నారు కాబోలని పది మంది నడిచారు. పన్నెండు కొట్టేసరికి మీటింగు గది ముందు నలభై మంది ఆధార్ జిరాక్సులు పట్టుకుని వరసలో ఉన్నారు. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి వాళ్లకు నంబర్లు రాసిస్తున్నాడు. దేనికని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరినీ అడగలేదు.

గది లోపల డాక్టర్ వందన చిక్కుకుపోయింది. ఆమె రక్తపరీక్ష చూసి మందు ఎంతో రాస్తే తప్ప ఎవరికీ సూది ఎక్కదు. ఆమె బయటికి రావాలంటే నలభై మంది పక్కకు జరగాలి. ఆ నలభై మందినీ మోచేతులతో తోసుకుంటూ, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక ముసలామె లోపలికి వచ్చిపడింది. జైనూర్ నుంచి వచ్చిన బుచ్చవ్వ ఆమె.

"డాక్టరమ్మ ఈడ కూసుంటె నా సూది ఎవలు రాస్తరు? పేరు ముంగట పిలిసిండ్రని సంబురపడ్డ. పిలిసి గంట దాటిపాయె. ఎవడు పెట్టిండు గీ మీటింగు?"

అందరూ కొమురెల్లి వైపు చూశారు.

"నువ్వేనా? బస్సు పోతె మీ ఇంటికి తీస్కపోయి అన్నం పెడ్తవా పెద్దమనిషీ?"

కొమురెల్లి ముఖం చిన్నబోయింది. ఎవరి కోసం పొద్దుటి నుంచి మొండికేశాడో ఆ మనిషినే అడ్డుకుని కూర్చున్నానని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పైంది చెల్లే," అన్నాడు.

"తప్పైతె లెవ్వు మరి."

లేచాడు. లేచి, తన కుర్చీ తానే ఎత్తుకున్నాడు. "మూడో మీటింగు సూదులెక్కే కాడనే పెడుదాం పాండ్రి సారూ. డాక్టరమ్మ పని ఆగొద్దు." వార్డులో సమావేశాలేమిటని కరుణాకర్‌రావు అడ్డుచెప్పబోయాడు. ఎక్కడ కూర్చోవాలో నియమావళిలో లేదని విద్యాధర్ చెప్పాడు. నియమావళి అతను చదివినట్టు తెలిసింది ఆ ఒక్కసారే.

అలా మూడో త్రైమాసికం డే కేర్ వార్డులో, మంచాల నడుమ జరిగింది. పన్నెండూ యాభైకి బుచ్చవ్వకు సెలైన్ ఎక్కింది. పక్క మంచం మీద హనుమండ్లు పడుకుని, తననెవరూ కమిటీలో వేయకపోయినా ప్రతి అంశం మీదా మాట్లాడాడు. వందన సెలైన్ చుక్కలు లెక్కచూస్తూ, తనలో తాను అనుకున్నట్టుగా అంది. "అసలు ఆలస్యం లైన్ల లేదు. రక్తపరీక్ష రిపోర్టు నాకు పదకొండింటికి వస్తది. అప్పుడు రాస్త, ఆ తర్వాత మందు కలుపుతరు. రక్తం ముందు రోజే వాళ్ల ఊరి దగ్గర ఇచ్చి, రిపోర్టు ఫోన్లో పంపితే నేను ఆ సాయంత్రమే రాసిపెడ్త. పొద్దున ఎనిమిదింటికి మందు తయారుంటది. రెండేండ్ల నుంచి అనుకుంటున్న."

"మరి చెప్పలేదేందమ్మా?" అన్నాడు కరుణాకర్‌రావు.

"ఎక్కడ చెప్పాలె సార్? మీటింగ్ ఎప్పుడు పెట్టినం మనం?"

కరుణాకర్‌రావు మంచాల వైపు తిరిగాడు. ఆరేళ్లుగా ఆ వార్డు అద్దాల తలుపు ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచాడు గానీ, లోపల కూర్చోవడం ఇదే మొదలు. బుచ్చవ్వ సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కదలకుండా, రెండో చేత్తో సంచీ గట్టిగా పట్టుకుని, గోడ మీది గడియారం వైపే చూస్తోంది. ఆమె కళ్లలోని భయం ఆయన కంటబడింది. ఇన్నాళ్లూ ఇది తనకు తెలియలేదా, తెలుసుకోలేదా? "పద్మలతా, రేపు వచ్చెటోళ్ల లిస్టు తీయి," అన్నాడు. "నేను గూడ ఫోన్లు చేస్త."

బుచ్చవ్వ సెలైన్ రెండూ యాభైకి అయిపోయింది. అది చూశాకే కొమురెల్లి రెండో, మూడో కాగితాల మీదా ఆనాటి తేదీ వేయించి సంతకాలు పెట్టాడు. పొద్దున దూరపువాళ్లను ముందు పిలిచారని కస్సుమన్న హనుమండ్లే తన అల్లుణ్ణి పిలిచి, ఆమెను బండి మీద బస్టాండులో దింపి రమ్మన్నాడు.

మూడున్నర దాటాక నాలుగో త్రైమాసికం. తీర్మానాల అమలు సంగతి కొమురెల్లి అడక్కముందే పద్మలత చెప్పింది. "బుచ్చవ్వ బస్సెక్కింది. రేపటోళ్లు పదకొండు మందిల ఏడుగురు ఇయ్యాల్నే వాళ్ల దగ్గర రక్తమిచ్చిండ్రు." కొమురెల్లి 'సంపూర్ణ సంతృప్తి'లో సంపూర్ణ కొట్టేయించి, 'కొంత' అని రాయించి, చివరి సంతకం పెట్టాడు.

నాలుగు గంటలకు విద్యాధర్ కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నాలుగు సమావేశాలకూ తేదీ ఒకటే ఉంది, చెల్లదట. మళ్లీ ఎక్కించాడు. మళ్లీ చెల్లదంది. నాలుగున్నర దాకా అదే తంతు.

"పాత తేదీలు కొట్టవయ్యా. సంతకాలున్నయి గదా," అన్నాడు కరుణాకర్‌రావు. అని, కొమురెల్లి వైపు చూడలేక కిటికీ వైపు చూశాడు.

"బుచ్చవ్వకు ఇంక ఎన్ని సూదులున్నయి?" అని అడిగాడు కొమురెల్లి.

"నాలుగు," అంది పద్మలత.

"మందులు రాకపోతె?"

పద్మలత తల అడ్డంగా తిప్పింది. కొమురెల్లి కుర్చీ విద్యాధర్ పక్కకు జరుపుకున్నాడు. "కొట్టు బిడ్డా. ఏ తేదీ గావాల్నో గది కొట్టు. నా మాటదేముంది, ఆమె పానం ముఖ్యం."

విద్యాధర్ కీబోర్డు పక్కకు నెట్టాడు. "నాతోని గాదు కాకా," అన్నాడు. "నిన్న ఇంట్ల కూసోని రాసినప్పుడు ఏమనిపించలే. ఇయ్యాల నిజంగ జరిగింది గీ మీటింగు. దీని మీద అబద్ధం తేదీ ఎట్ల ఏస్త?"

"పొద్దున ఒకడు కాదంటడు, మాపటికి ఇంకొకడు కాదంటడు! మీరిద్దరు కలిసి రెండొందల మందిని ముంచుతుండ్రు!" కరుణాకర్‌రావు నెత్తి పట్టుకున్నాడు. ఆ చేత్తోనే ఫోన్ తీసి, గుర్తింపు సంస్థ సహాయ నంబరుకు కొట్టాడు. పాతికేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఏడాదంతా కూర్చోలేదని, ఇవాళ నాలుగుసార్లు కూర్చున్నామని, ఒక బస్సు అందిందని.

అవతలి ఆమె విసుగ్గా విని, హిందీలో ఒకే గుక్కలో చెప్పింది. వాళ్లు తెరిచింది పాత ఫారం. నాలుగు సమావేశాల నిబంధన ఏప్రిల్‌లోనే తీసేశారు. ఏడాదికి ఒక్కటి చాలు. అయితే ఆ సమావేశం వల్ల రోగికి ఏం మేలు జరిగిందో ఆధారంతో చూపించాలి. అది లేకుండా ఉత్త సంతృప్తి రాసిన ఆసుపత్రులన్నిటినీ ఈసారి తిప్పి పంపుతున్నారు. "కొత్త సూచనల మెయిల్ పంపాం కదా, చదవలేదా?"

ఆ మెయిల్‌ను కరుణాకర్‌రావు చదవకుండా, తగిన చర్య కోసమని విద్యాధర్‌కు పంపాడు. విద్యాధర్ చదవకుండా, చూడవలసినవి అనే ఫోల్డర్‌లో పెట్టాడు. అంటే, పొద్దున అనుకున్న పథకం అనుకున్నట్టు జరిగి ఉంటే, పదింబావుకే గుర్తింపు పోయి ఉండేది.

కొత్త ఫారం తెరిచి, మూడో సమావేశం కాగితానికి బుచ్చవ్వ చార్టు జోడించారు. సూది మొదలైన సమయం, ముగిసిన సమయం, రెండూ అందులో ఉన్నాయి. నాలుగూ యాభై ఒకటికి తెర మీద పచ్చటి గుర్తు పడింది. పద్మలత కళ్లు తుడుచుకుంది. కరుణాకర్‌రావు కుర్చీలో జారగిలబడ్డాడు.

"ఒక్కటే సాలునా సారూ?" అన్నాడు కొమురెల్లి. "అయితె మిగిలిన మూడు సంతకాలు నాకు వాపస్ ఇయ్యుండ్రి."

ఇచ్చారు. ఆయన వాటిని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఇగ ఏడాదికొక్కటే. ఫికర్ లేదు. వచ్చే యేడు కలుద్దాం కొమురెల్లీ," అన్నాడు కరుణాకర్‌రావు, ప్రాణం తేలికపడి.

"వచ్చే యేడు ఏంది సారూ? బుచ్చవ్వకు మల్ల సూది ఇరవై ఒక్క దినాలకే."

"రూలు ప్రకారం ఒక్కటి సాలు గదనయ్యా."

"రూలుకు సాలుతది సారూ. ఆమెకు సాలుతదా?"

ఇరవై ఒకటో రోజున ఆ వార్డులో సమావేశం జరిగింది. దాన్ని జరపమని ఏ రూలూ అడగలేదు గనుక, మినిట్స్ ఎవరూ రాయలేదు.