మాడ్రిడ్ నుంచి వియన్నాకి మూడు గంటలే

ఆ ఉదయం ఖతర్‌లో, నజ్మా పేటలోని తన ఫ్లాట్‌లో టీ తాగుతూ సంజీవరావు ఫోనులో ఒకే ఒక్క సంగతి చూసుకున్నాడు. మాడ్రిడ్ నుంచి వియన్నాకి పద్దెనిమిది వందల కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు. పంపుల ట్రైనింగ్‌కని కంపెనీ అతన్ని మాడ్రిడ్ పంపుతోంది. గురువారంతో ట్రైనింగ్ సరి, శుక్రవారం ఖాళీ. వియన్నాలో కూతురు ప్రవల్లిక ఉంది. ఆ పిల్ల తనకిష్టమైనవాణ్ణి చేసుకున్న రోజున "నాకు కూతురే లేదు" అని ఫోన్ పెట్టేసిన ఈ మహానుభావుడు, నిన్న తనే ఫోన్ చేసి "ఆ శుక్రవారం అన్నం వండి ఉంచమ్మా" అన్నాడు. అవతల పిల్ల ఏడ్చింది. ఇవతల ఈయనా ఏడ్చి, జలుబని చెప్పాడు.

"ఎవరికీ చెప్పకు. పొద్దున వెళ్లి రాత్రికి మాడ్రిడ్ వచ్చేస్తా" అన్నాడు భార్యతో.

"నాకేం పని చెప్పడానికి?" అంది సామ్రాజ్యం. సాయంత్రం ప్రార్థన కూటంలో మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "మావారు అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారండీ. దేవుడు నా మొర విన్నాడు" అంది.

గల్ఫ్‌లో ఎవరైనా పెట్టె సర్దుతున్నారంటే చుట్టుపక్కల పొట్లాలు లేస్తాయి. కాదనడానికి లేదు, రేపు మన పొట్లం వాళ్లే మోయాలి. మర్నాడే కింది ఫ్లాటు ఖుత్బుద్దీన్ సకినాలతో వచ్చాడు.

"మా మేనల్లుడు వార్సాల ఉంటడు సంజీవన్నా. జర ఇచ్చిపో."

"వార్సా ఎక్కడ, వియన్నా ఎక్కడ భాయ్!"

"అంతా యూరపే గదా!"

"ఖతర్‌లో ఉన్నవాణ్ణి మీ ఊళ్లో దుబాయ్ అంటే నీకు ఒళ్లు మండదూ?"

"మండుతది. అయినా పొట్లమైతే పట్కపోతం గదా!" అంటూ సోఫాలో పెట్టి వెళ్లిపోయాడు.

పొట్లాలు పెరిగేసరికి సంజీవరావు పెద్ద పెట్టె కొన్నాడు. అది మెట్లెక్కడం చూసినవాళ్లకి అంతా అర్థమైపోయింది. వారం రోజుల ట్రైనింగ్‌కి అంత పెట్టెందుకు? రావుగారు యూరప్‌లోనే ఉండిపోతున్నారు! చర్చిలో వీడ్కోలు ప్రార్థన చేసి కేకు కోయించారు. "నేను తిరిగొస్తానండీ బాబూ!" అని ఆయన మొత్తుకుంటే అందరూ నవ్వారు. ఒకావిడ ఫ్రిజ్ ఎంతకిస్తారని అడిగింది.

కేకు ఫోటో ఆఫీసుకి చేరింది. మేనేజరు రామకృష్ణారావు పిలిచాడు.

"ఏమయ్యా, అట్నుంచి అటే చెక్కేద్దామనా?"

"అయ్యో, లేదు సార్! అమ్మాయి ఇంట్లో ఒక్క పూట భోంచేసి వచ్చేస్తా. మూడు గంటలే సార్."

"నువ్వు తిరిగి రాకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. నీ బదులు మన టెక్నీషియన్ పాల్‌ని పంపుతున్నా. నోట్లో నాలుక లేనివాడు, ఎడారిలో ఆ దుఖాన్ సైటు దాటి ఎరగడు."

సంజీవరావు ఇంటికొచ్చి, శుక్రవారం వియన్నా వెళ్లి అమ్మాయికి ఇచ్చి రమ్మని పెట్టె పాల్‌కి అప్పగించాడు. కూతురికని చేసిన గోంగూర పచ్చడి సీసా బయటికి తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ అందులోనే పెట్టాడు. తను రావడం లేదని కూతురికి ఫోన్ చేయడానికి మొహం చెల్లక, ఆ మాటా పాల్‌నే చెప్పమన్నాడు. భార్యని ఒక్క మాట అనలేకపోయాడు. ఇన్నాళ్లూ తను నోరు మూసుకుని కూతురికి చేసినదాని ముందు ఆవిడ నోరు జారడం ఏపాటి?

ఆ శుక్రవారం సాయంత్రం కూతురి దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. అందులో పాల్ తృప్తిగా అన్నం తింటున్నాడు. "పచ్చడి అందింది నాన్నా. కంపెనీ పంపలేదని పాల్ అన్నయ్య చెప్పాడు. రాకుండా ఉండడానికి సాకు దొరికిందన్నమాట" అని కింద రాసింది. ఆయన ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

ఖతర్‌లో పనివారం మొదలయ్యే ఆదివారం డ్యూటీకి రావలసిన పాల్ రాలేదు. సోమవారమూ రాలేదు. మేనేజరు చెమటలు కక్కుతూ సంజీవరావు బల్ల దగ్గరికొచ్చాడు.

"చివరిసారి చూసింది మీ అమ్మాయేనట కదయ్యా! ఎక్కడికి పోయుంటాడంటావ్?"

"చెప్పలేం సార్. అక్కణ్ణించి ఎక్కడికైనా మూడు గంటలే" అన్నాడు సంజీవరావు.