తిరిగే చక్రానికి నా దండం

నిదానంగా తెరుచుకునే వెబ్‌సైట్‌ అంత మంచిది ఈ లోకంలో ఇంకొకటి లేదు! నవ్వకండి. వేగం వల్ల ఏమవుతుందో మొన్న మా ఇంట్లో చూసినాం.

మాది కోట టౌను అవతల సముద్రం ఒడ్డున ఊరు. మా ఆయన చిన్నబాబు తెల్లారకముందే వేటకు పోతాడు. పడవ ఒడ్డు తగిలిందని తెలిసేదాకా మా అత్త పిచ్చమ్మ చారుకు తాలింపు పెట్టనివ్వదు. మొగుడు నీళ్ల మీద ఉండగా ఇంట్లో ఆవాలు చిటపటలాడకూడదంట. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు, మీకుంటే వచ్చి అడగండి.

ఆ కబురు చెప్పడానికే మా మరిది కిషోర్ వెబ్‌సైట్‌ పెట్టినాడు. సర్వర్ కోటలో వాడి సెల్‌ఫోన్ రిపేరు కొట్లోనే ఉంటుంది. సర్వర్ అంటే హడలిపోకండి, అడిగిన పేజీని పంపించే కంప్యూటర్, అంతే. ఒడ్డున పడవల లెక్క చూసే కామాక్షయ్య మామ ఫోన్‌లో నొక్కితే, మా పేజీలో పడవ పేరు పక్కన ‘చేరింది’ అని పడుతుంది.

పడేది సరే, ఎప్పుడు? పేజీ తెరుచుకునేదాకా ఫోన్‌లో చక్రం తిరిగేది, తిరిగేది, తిరుగుతానే ఉండేది. ఆహా, ఎన్ని లాభాలు! మా పాప దాన్నే చూస్తా నోరు తెరిస్తే గిన్నెడు పప్పన్నం లోపలికి పోయేది. నేను బుట్టెడు రొయ్యలు ఒలిచేసి, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కేదాన్ని. టక్కున తెరుచుకునే పేజీతో ఇంత భక్తి వస్తుందా?

కిషోర్‌కు అది నచ్చలేదు. “వదినా, సర్వర్‌ను ట్యూనింగ్ చేసేసినా. ఇంక చూస్కో!” అన్నాడు. ఫొటోలు చిన్నవి చేసినాడంట. పేజీని నొక్కి మూటకట్టి పంపుతాడంట. అన్నిటికన్నా గొప్పది క్యాష్ అంట. అడిగినప్పుడల్లా కొత్తగా వండకుండా, ఒకసారి వండిపెట్టి అందరికీ అదే వడ్డిస్తుందంట. నా చదువు ఎనిమిదితోనే ఆగినా వంట తెలుసు కదా! బ్రహ్మాండం అన్నాను.

తెల్లారింది. గాలి లేచింది. ఫోన్ తీసి నొక్కినా. రెప్ప వేసేలోగా ‘చేరింది’!

ఇంకేం, తాలింపు వేసినా. ఇంగువ వాసన వీధంతా పోయింది. అత్త కంచం కడిగి పెట్టింది. అంతలో పక్కింటి వనజాక్షక్క ఉరికొచ్చింది. వాళ్లాయన పోయేది కూడా మా ఆయన పడవలోనే.

“ఏంమే, తాలింపు వేసినావు? మీ ఆయన వచ్చినాడా?”

“చేరిందని ఉంది కదక్కా!”

“పైన తేదీ చూడవే తల్లీ. నిన్నటిది!”

నిన్న వండిన పేజీని సర్వర్ ఈరోజు వడ్డించింది! మేం దాన్ని సద్దన్నం అంటాం, పిల్లోళ్లకు కూడా సద్దిదని చెప్పే పెడతాం. అత్త “ఆవాలు చిట్లిపోయినాయే!” అని గుండెలు బాదుకుంది. నేను పాపను చంకనేసుకుని ఇసకలో పరిగెత్తినా. అలలు ఇంతింత లేస్తున్నాయి, పడవ ఎక్కడా కనపడలేదు. ఎంతసేపు నిలబడినానో తెలీదు.

చివరికి వచ్చింది. నిండా తడిసి దిగిన మా ఆయన నన్ను పైకీ కిందకీ చూసినాడు.

“ఏందిమే, గరిటె తెచ్చినావు? కొట్టడానికా?”

అప్పుడు చూసుకున్నా, చేతిలో తాలింపు గరిటె! ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి.

ఇంటికొచ్చేసరికి కిషోర్ ఫోను. “స్పీడ్ చూసినావా వదినా?”

చూసినాను నాయనా! కాబట్టి పాఠకుల్లారా, చక్రం తిరిగే పేజీకే నా ఓటు. కాకపోతే మా అత్త చెవిన పడకుండా ఒక్క మాట చెప్తా. ఆ చక్రం తిరిగినంతసేపూ నా మనసూ ఆ పడవ చుట్టే తిరిగేది. ఆ రొయ్యలు ఒలిచింది, మొక్కులు మొక్కింది పని మీద ధ్యాసతో అనుకున్నారా?

అందుకే కిషోరూ, నిదానంగా పెడితే నిలబడలేను, తొందరగా సద్దిది పెడితే తినలేను. ఫొటోలు లేకపోయినా పర్లేదు, కొంచెమే పెట్టు, ఈరోజుది వేడిగా పెట్టు.