అల్లుడిగారి సత్ప్రవర్తన

మా అల్లుడు సత్ప్రవర్తన గలవాడని ప్రభుత్వంవారు ధ్రువీకరించిన సంగతి బంధుమిత్రులందరికీ సవినయంగా తెలియజేసుకుంటున్నాను. ధ్రువీకరించినది సాక్షాత్తూ జైలు సూపరింటెండెంటుగారు. ఒకే ఫ్లాటును నలుగురికి అమ్మిన దక్షతకు గుర్తింపుగా మా అల్లుడు కొన్నేళ్ళపాటు వారి అతిథిగా ఉండవలసి వచ్చింది.

అతను లోపల ఉండగానే విడాకులు తీసుకోవాలని మా అమ్మాయి కోర్టుకెక్కింది. తాగొచ్చి కంచాలు విసిరేవాడు. బయటికొస్తే మళ్ళీ విసురుతాడని దాని భయం. విడాకులు రాకపోతే ఎలాగని నాకు ఒక భయం, వస్తే ఎలాగని ఇంకో భయం. భయపడే విషయంలో నేను పక్షపాతం చూపను.

న్యాయమన్నాక రెండు వైపులా చూడాలి, మీకు తెలియనిదేముంది! కోర్టువారు జైలునుంచి నివేదిక తెప్పించారు. "ఖైదీ మద్యం ముట్టడు. పొద్దుగూకేసరికి లోపలే ఉంటాడు. తన కంచం తానే కడుక్కుంటాడు. ఇంతవరకు ఒక్కటీ విసరలేదు" అని సూపరింటెండెంటుగారు రాశారు.

జడ్జిగారి కళ్ళు చెమర్చాయి. "అమ్మా! ఈ కుర్చీలో కూర్చుని ఎన్నో కాపురాలను చూశాను. ఇన్ని సుగుణాలున్న భర్తను మాత్రం చూడలేదు. ఆ మాటకొస్తే నేనే కంచం కడగను. ఇలాంటివాణ్ణి చేజేతులా వదులుకుంటావా?" అన్నారు.

"ఆ సుగుణాలు ఆయనవి కావండీ, తాళానివి" అంది మా అమ్మాయి.

"ఎదురు మాట్లాడకే తల్లీ, మనల్నీ లోపలేస్తారు" అని నేను దాని కొంగు లాగాను.

తాళాన్ని సాక్షిగా పిలిచే వీలు చట్టంలో లేదని తేలింది. పైగా భార్యాభర్తలు కొన్నాళ్ళు ఒకే కప్పు కింద ఉండి చూడందే విడాకులు కుదరవన్నారు. జైలు కప్పు కిందికి మా అమ్మాయి వెళ్ళాలంటే ఏదైనా నేరం చేయాలట. ఊరికే చేర్చుకునే పద్ధతి లేదట. అందుచేత, సంసారం చక్కబడాలన్న సదుద్దేశంతో, సత్ప్రవర్తనను పరిగణనలోకి తీసుకుని, అల్లుణ్ణే ముందుగా వదిలిపెట్టారు. భర్తనుంచి విడుదల కావాలని అడిగితే భర్తకు విడుదల వచ్చింది. తేడా ఒక్క విభక్తే. బడిలో నాకూ అవి ఏనాడూ సరిగా పట్టుబడలేదు.

వచ్చిన సాయంత్రమే కంచం గోడకు తగిలింది. మా అమ్మాయి సొట్టపడ్డ కంచంతో సహా కోర్టుకు పరుగెత్తింది. జడ్జిగారు కంచాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీర్ఘంగా ఆలోచించి సెలవిచ్చారు: "జైలులో విసరనివాడు ఇంట్లో విసిరాడంటే లోపం మనిషిది కాదు, ఇంటిది. ఇంటిని చక్కదిద్దుకోవలసిన బాధ్యత ఇల్లాలిది." పిటిషన్ కొట్టేశారు.

మళ్ళీ వేస్తానంటూ అమ్మాయి పెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. తీర్పును ఎంతగానో మెచ్చుకున్న మా వీధి ఆడవాళ్ళు మా గుమ్మంలో చేరి తలా ఒక సలహా ఇచ్చారు.

"ఇల్లు జైలులాగే ఉంచి చూడవే పిల్లా, బుద్ధిగా పడుంటాడు" అంది ఎదురింటావిడ.

"మన ఇళ్ళు అలాగే ఉన్నాయి కదా పిన్నీ! కాకపోతే లోపల ఉంటోంది మనం" అంది మా అమ్మాయి.

అందరూ పగలబడి నవ్వారు. ఎదురింటావిడకైతే నవ్వీ నవ్వీ పొలమారింది. అంతలో చీకటి పడుతోందని ఎవరో గుర్తుచేశారు. మొగుళ్ళొచ్చే వేళకు లోపల లేకపోతే ఇంకేమైనా ఉందా అనుకుంటూ, కొంగులు సర్దుకుని, ఒకరి వెనుక ఒకరు వరసగా వెళ్ళిపోయారు.