మేడ మీద పానశాల

కొలతల శాఖ తనిఖీ అధికారి గారు రక్తపోటు కారణంగా ఆరు వారాలు విశ్రాంతి తీసుకోబోతున్నారనీ, ఆ విశ్రాంతికి తగిన వీడియో గేమ్‌ను ఎంపిక చేసే కార్యక్రమం సోమవారం ఉదయం పది గంటలకు వారి ఇంటి మేడ మీద ప్రారంభమైందనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రారంభ సభకు అధికారి గారే అధ్యక్షులు, వారే వక్త, వారే సభికులు. సభ జయప్రదమైంది.

ఆట ఆడమని సలహా ఇచ్చింది డాక్టరు. జబ్బకు పట్టీ చుట్టి గాలి కొడుతూ, "పని మాట ఎత్తకండి. హాయిగా ఏదైనా పానశాల నడిపే ఆట ఆడుకోండి. బీరు కాచడం, పీపాలు నింపడం, వచ్చిన వాళ్లకి పోయడం, అంతే. నేనూ ఆడతాను. మొన్ననే నా పానశాలకి రెండో అంతస్తు లేపాను" అన్నాడు. ఆ రెండో అంతస్తు ముచ్చట్లలో పడి గాలి కొడుతూనే ఉండిపోయాడు. అధికారి గారి చెయ్యి నీలం రంగుకు తిరిగాక గానీ వైద్యం ముగియలేదు.

ఇక్కడ కథకు బొత్తిగా సంబంధం లేని విషయం ఒకటి చెప్పాలి. అధికారి గారి మేడ కింద ఒక పానశాల ఉంది. మామగారు పెట్టింది. ఇరవై రెండేళ్లుగా భార్య నడుపుతోంది. ఎనిమిది బల్లలు, నాలుగు పీపాలు, ఒక వంటామె. అధికారి గారు రోజూ ఆఫీసుకు వెళ్తూ అందులోంచే నడిచి, ఎవరి చేతిలోనో ఉన్న గ్లాసు పైకెత్తి, బీరు కొలత గీత దాకా ఉందో లేదో చూసి వెళ్లేవారు. అందుకే అక్కడి ఖాతాదారులు ఆయన్ని 'గీత సారు' అంటారు. అది బిరుదని ఆయన నమ్మకం.

గీత సారు ఏ పనీ ఆషామాషీగా చేసే రకం కాదు. ఇరవై ఏడు గడుల పట్టిక ఒకటి గీసుకున్నారు. మొదటి గడి 'ప్రశాంతత', చివరి గడి 'ఇతరములు'. మొదటి ఆటలో గ్లాసుల మీద కొలత గీత లేదు. తిరస్కరించారు. రెండో ఆటలో గీత ఉంది గానీ నురగ గీత దాటుతోంది. ఆట తయారుచేసిన వారికి ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని ఉత్తరం రాశారు. మూడో ఆటలో పిల్లి వచ్చి పీపా మీద పడుకుంటుంది. ఆరోగ్య నిబంధనల ప్రకారం అదీ పోయింది.

గురువారం భార్య మేడ మీదికి వచ్చింది. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. ఇరవై రెండేళ్లు పీపా కుళాయిలు తిప్పీ తిప్పీ మణికట్టులో నరం నలిగిపోయింది. వేళ్లకు స్పర్శ తెలియడం లేదు.

"ఏమండీ, రేపే ఆపరేషన్. మూడు వారాలు బరువెత్తకూడదన్నారు. మీరు కౌంటరు దగ్గర నిలబడితే చాలు, మిగతాది వంటామె చూసుకుంటానంది. ఇంక ఆలస్యం చేస్తే చెయ్యి పూర్తిగా పడిపోతుందట."

అధికారి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ప్రసంగానికి ముందు అలా చేస్తారు.

"చూడు. విశ్రాంతి అంటే ఏదో కాళ్లు చాపుకుని కూర్చోవడం కాదు. దానికో క్రమం ఉంది, ఓ బాధ్యత ఉంది. ఇప్పుడు నేను సగంలో లేచొస్తే ఈ ఎంపిక విశ్వసనీయత ఏం కావాలి? డాక్టరు నన్ను పని చెయ్యొద్దన్నాడు. ఆట తేలనీ, అప్పుడు చూద్దాం. ఆపరేషన్ ఎక్కడికీ పారిపోదుగా!"

ఆమె కిందికి వెళ్లి ఆసుపత్రికి ఫోను చేసి ఆపరేషన్ వచ్చే శుక్రవారానికి మార్పించుకుంది.

తొమ్మిదో ఆట అధికారి గారికి నిజంగా నచ్చింది. అందులో ఒక పనిమనిషి ఉంది. ఎక్కువసేపు నిలబడితే ఆమె తల మీద ఎర్ర చుక్క వెలుగుతుంది, అలసిపోయిందని గుర్తు. ఆ చుక్క చూడగానే ఆయన గుండె తరుక్కుపోయింది. "పాపం ఆడకూతురు, ఎంతసేపని నిలబడుతుంది" అని పైకే అన్నారు. వెంటనే ఆమెకు సెలవిచ్చి, పరుపున్న గది కట్టించి, కిటికీకి పూల తెర కూడా వేయించారు. ఆమె తల మీద పచ్చ చుక్క వెలిగింది. ఆయన రక్తపోటు పది పాయింట్లు తగ్గింది. 'సిబ్బంది సంక్షేమం' గడిలో పదికి పది పడ్డాయి.

ఆ ఆటకే 'శబ్దాల సహజత్వం' గడిలోనూ పది ఇచ్చారు. గ్లాసు జారి భళ్లుమన్న శబ్దం, వెనకాలే "అయ్యో" అని ఒక ఆడగొంతు, చీపురుతో పెంకులు ఊడుస్తున్న చప్పుడు. అచ్చం నిజంలా ఉన్నాయని మెచ్చుకున్నారు. మధ్యాహ్నం ఎండకు కిటికీ మూశాక ఆ శబ్దాలు ఆగిపోయాయి. ఆటలో ఏదో సాంకేతిక లోపం వచ్చిందని తేల్చి రెండు మార్కులు కోశారు. దాంతో ఆ ఆటా పోయింది.

రెండో శుక్రవారం కూడా అలాగే గడిచింది. తేదీ మార్చమని ఆసుపత్రికి రెండో ఫోనూ వెళ్లింది. పద్దెనిమిది ఆటలు చూడడం పూర్తయింది. ఒక్కటీ నెగ్గలేదు.

ఈసారి భార్య మేడ ఎక్కినప్పుడు చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఏమీ అడగలేదు. "మీరు చూడని ఆట ఇంకొకటుంది. గ్లాసులకి గీతలున్నాయి. పిల్లి లేదు. ఒక్క గంట ఆడి చూడండి. నచ్చితే మూడు వారాలు ఆడుకుందురు గాని" అంది.

ఇలా పద్ధతిగా ప్రతిపాదన పెడితే కాదనే మనిషి కాదాయన. పట్టిక, పెన్సిలు తీసుకుని కిందికి దిగారు.

సరిగ్గా నలభై నిమిషాలు ఆడారు. మొదటి గ్లాసు నింపి, నురగ అణిగేదాకా ఆగి, గీతకు వెంట్రుకవాసి తక్కువైందని మళ్లీ పోసి, మళ్లీ ఆగారు. ఒక్క గ్లాసుకు పన్నెండు నిమిషాలు పట్టింది. ఈలోగా ఆరుగురు ఒక్కసారే వచ్చిపడ్డారు. వాళ్లను కాసేపు ఆపి ఉంచే మీట ఎక్కడుందో ఎంత వెతికినా కనబడలేదు. రోజూ వచ్చే రంగులేసే ముసలాయన "సారూ, గొంతెండిపోతోంది, గీత సంగతి నే చూసుకుంటా, ముందు ఇటివ్వండి" అని చెయ్యి చాచాడు. ఇంకొకాయన, పోయిన తన తమ్ముడి గురించి మొదలుపెట్టాడు. ఆ మాటలు దాటేసి ముందుకెళ్లే వీలు కూడా ఈ ఆటలో లేదు. కాళ్లు పీకాయి. పక్కనే నిలబడ్డ భార్య తల వైపు ఒకటికి రెండుసార్లు పరీక్షగా చూశారు. ఏ చుక్కా లేదు. అంతా సవ్యంగానే ఉందని రాసుకున్నారు.

ఆమె ఆయన ముఖంలోకే చూస్తూ, "ఎలా ఉంది?" అని అడిగింది. ఆ గొంతులో ఇంకా కాస్త ఆశ ఉంది.

"నివేదిక ఇస్తాను" అన్నారు అధికారి గారు, మెట్లెక్కుతూ.

ఆ సాయంత్రమే నివేదిక సిద్ధమైంది. లోకానికి ఉపయోగపడాలన్న సదుద్దేశంతో దాన్ని ఆటల సమీక్షలు రాసే చోట కూడా పెట్టారు. అందులోని ముఖ్య భాగం ఇది: "ఆట మరీ కష్టం. మధ్యలో ఆపే వీలు లేదు. ఎంత ఆడినా తర్వాతి మెట్టుకు చేరడమంటూ ఉండదు, పొద్దున లేస్తే మళ్లీ మొదటికే. మెచ్చుకునేవారు లేరు. ఇందులో విశ్రాంతి అన్న మాటే లేదు. బుద్ధి ఉన్నవాళ్లెవరూ దీన్ని ఒక్క రోజుకు మించి ఆడరు. పదికి రెండు."

భార్య అది చదివింది. చదివి, ఆసుపత్రికి మూడోసారి ఫోను చేసింది. ఇక తేదీ మార్చడం కుదరదని వాళ్లు చెప్పినట్టున్నారు, "సరేనండీ" అని పెట్టేసింది. ఇప్పుడామె పీపా కుళాయి ఎడమ చేత్తో తిప్పడం నేర్చుకుంటోంది. బీరు గీత దాకా రావడం లేదని అధికారి గారు ఒకసారి హెచ్చరించారు కూడా.

సమీక్షకు మాత్రం మంచి ఆదరణ లభించింది. తమకు ఎంతో ఉపయోగపడిందని ఇప్పటికి నాలుగు వేల పైచిలుకు మంది మీట నొక్కారు. వాళ్లందరూ సోఫాల్లో వెనక్కి వాలి, మన మాదిరిగానే హాయిగా చదువుకుంటున్నవాళ్లే. ఆ ఇళ్లలోనూ పక్క గదిలోంచి ఎవరో "ఏమండీ, ఒక్కసారి ఇలా వస్తారా" అని పిలుస్తున్నారు. శబ్దాల సహజత్వానికి పదికి పది.