మునెమ్మ ముగ్గులో దొంగపురుగు

ఆదివారం మధ్యాహ్నం మామగారికి చేపల పులుసు పెట్టాలని జయచంద్ర పథకం. పథకం బాగానే ఉంది. చేపే లేదు.

పుత్తూరులో మోటార్లు బాగుచేసే జయచంద్రకు కొన్నాళ్లుగా ఒక పిచ్చి పట్టింది. వానపామును గుచ్చకుండా, కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి చేసిన దొంగపురుగుతో చేపను పట్టాలి. చెరువులో చేపలు మాత్రం ఇంతవరకూ నవ్వడానికి తప్ప నోరు తెరవలేదు.

“ఏమయ్యా, మా నాయన పన్నెండుకంతా వస్తాడు. ఈ పొద్దు గూడా వొట్టి చేతుల్తో వస్తివా, ఆ గాలం కర్రను చిక్కుడుపందిరికి కట్టేస్తా సూడు!” అంది భార్య ప్రసన్నకుమారి.

జయచంద్ర వీధిలోకి వచ్చి ఆలోచనలో పడ్డాడు. ఇంతకీ చేపలకు ఈ పూట ఏ పురుగు మీద మనసు? రాత్రి వాన పడింది. వీధిదీపం కింద రెక్కల పురుగులు, ఉసిళ్లు, రాలి ఉన్నాయి. చెరువులోనూ రాలే ఉంటాయి కదా! ఒక ఉసిలిని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. ఆ గోధుమరంగు వీధి మొత్తంలో ఒక్కచోటే ఉంది, పక్కింటి మునెమ్మ కోడిపుంజు తోకలో. అది గంగమ్మకు మొక్కిన పుంజు. దాని మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు.

జయచంద్ర గుప్పెడు నూకలు చల్లి, గోడ మీదుగా రెండు ఈకలు పీకేశాడు. ఎర్రదారంతో కొక్కేనికి చుట్టి, పురుగు మీసాలకని తన తలవెంట్రుక ఒకటి కట్టి, ముడి మీద భార్య గోళ్లరంగు పూసి, గోడ మీద ఆరబెట్టి కాఫీకి లోపలికి వెళ్లాడు. గాలి వీచింది. పురుగు పోయి మునెమ్మ ముగ్గు నడిమధ్యన పడింది.

“అయ్యో, నా వాకిట్లో ఎవరో సేతబడి సేసినారే!”

వీధంతా వచ్చింది. ఇనుప కొక్కెం, కోడీక, ఎర్రదారం, తలవెంట్రుక. ఇంకేం కావాలి! “ఏమయ్యా, నువ్వు గడప దాటొద్దు!” అని ప్రసన్నకుమారి మొగుడి చొక్కా పట్టుకుంది. పురుగు తనదని చెబితే ఈక ఎవరిదో కూడా చెప్పాలి. జయచంద్ర బుద్ధిగా గడప లోపలే నిలబడ్డాడు.

దిష్టి తీసే సుబ్బులమ్మ వచ్చి, “సేత్తో ముట్టొద్దు. దారం కట్టి ఎత్తుకపోయి, సెరువులో ఏసి మూడుసార్లు ఎనక్కి లాగు. పీడ పోతాది,” అంది.

మునెమ్మ నైలాన్ దారం కట్టి చెరువులో వేసింది. పురుగు అచ్చం ఉసిలిలాగే తేలింది. భార్య ఆపినా వినక వచ్చి గుంపు వెనకాల నిలబడిన జయచంద్ర ఉండబట్టలేకపోయాడు. “నిదానంగా లాగక్కా, నిదానంగా!”

రెండోసారి లాగేసరికి నీళ్లు భళ్లుమన్నాయి.

“ఓయమ్మో, అది నన్నే లాగతా ఉండాది!”

నలుగురూ పట్టి లాగితే మూరెడు కొరమీను గట్టున పడింది.

“ఉసిలే! నేను కట్టిన ఉసిలే!” జయచంద్ర ఆనందం పట్టలేక గంతులేశాడు. గట్టు మీది తలలన్నీ అతని వైపు తిరిగాయి.

మునెమ్మ కొంగు బిగించింది. “అట్లయితే నా పుంజు తోక పీకింది నువ్వేనా అబ్బోడా?”

“రెండే ఈకలక్కా...”

ఇంట్లో ఎవరూ లేక వెతుక్కుంటూ వచ్చిన మామ మునిరత్నం సరిగ్గా అప్పుడే గట్టెక్కాడు. “ఏం అల్లుడూ, ఎవురు పట్టిన చేప ఇది?”

“పురుగు ఈయనది, ఈక గంగమ్మది, చేప నాది,” అంది మునెమ్మ. “గంగమ్మకు పొంగలి పెట్టి తప్పు ఒప్పుకోమను. పులుసు మా ఇంట్లో, అందరూ రండి.”

మునిరత్నం మూడుసార్లు పులుసు వేయించుకున్నాడు. గాలం కర్ర చిక్కుడుపందిరి ఎక్కలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం మునెమ్మ భుజం ఎక్కి చెరువుకు పోతోంది.