నలభై రెండు పెట్టెలు

వీధి దీపాల శాఖలో ఎవరు ఎక్కడున్నారో ఇకపై వెతుక్కోనక్కర్లేదని, శాఖ మొత్తాన్నీ ఒకే చెట్టుగా కంప్యూటర్లోకి ఎక్కించి నెలాఖరుకల్లా జాతికి అంకితం చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఆ చెట్టు నాటే బాధ్యత కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరమ్మకి దక్కింది. ఆవిడ కాంట్రాక్టూ నెలాఖరుకే అయిపోతుంది. చెట్టు బాగా వస్తే పొడిగిస్తామని కమిషనర్‌గారు నోటిమాటగా అన్నారు. ఆయన మాటంటే మాటే; కాగితం మీద పెట్టి దాని విలువ తగ్గించరు.

ఆపరేటరమ్మ పద్ధతిగా మొదలుపెట్టింది. సెక్షనుకో కంటైనర్, అంటే ఒక పెట్టె. పెట్టెలో ఆకులు, అంటే మనుషులూ ప్రింటర్లూ. పై పెట్టెకున్న అధికారాలు కింద ఆకు దాకా వాటంతటవే దిగుతాయి. బొమ్మ గీసి తీసుకెళ్ళి కమిషనర్‌గారి బల్ల మీద పరిచింది.

"ఇందులో నేనెక్కడమ్మా?"

"ఇదిగో సార్, ఈ ఆకు."

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "పక్కనున్న ఆకెవరు?"

"అది ప్రింటరు సార్."

ఇరవై ఆరేళ్ళు మచ్చలేని సేవ చేసిన మనిషి ప్రింటరు పక్కన వేలాడుతుంటే చూసేవాళ్ళకేం బాగుంటుంది? "నన్ను పెట్టె చెయ్యి," అన్నారాయన నెమ్మదిగా.

"పెట్టెకి పాస్‌వర్డ్ ఉండదు సార్. ఫైలు తెరవాలన్నా, సంతకం పెట్టాలన్నా ఆకై ఉండాలి."

"పాస్‌వర్డ్‌లు పనిచేసేవాళ్ళకమ్మా. నాకెందుకు?"

కమిషనర్‌గారు పెట్టె అయ్యారన్న కబురు భోజనాల వేళకి మేడ దిగింది. ముందు డిప్యూటీ వచ్చాడు.

"ఆయన పెట్టె, నేను ఆకునా? ఇంటికెళ్ళి ఏమని చెప్పుకోను?"

అతను పెట్టె అయ్యాడు. సూపరింటెండెంటు అయ్యాడు. హెడ్ గుమస్తా మొహమాటస్తుడు, భార్య చేత ఫోను చేయించాడు. "మా ఆయనకి అసలే బీపీ తల్లీ. చిన్న పెట్టె అయినా సర్దుకుంటారు." జీపు డ్రైవరు మటుకు సూటిగా చెప్పాడు. "ఆకంటే రాలిపోతుందమ్మా. నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది."

పెట్టెల్ని పక్కపక్కన పెడితే సమానమైపోతారు. అందుకని సీనియారిటీ జాబితా తెప్పించి, పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె, మొత్తం నలభై రెండు దించారు. ఒక్క కొమ్మ కూడా లేకుండా చెట్టు తాటిచెట్టులా నిటారుగా వచ్చింది. అట్టడుగు పెట్టెలో, సిఫార్సు చేసేవాళ్ళు లేని ప్రింటర్లూ, జాబితాలో పేరు లేని ఆపరేటరమ్మా ఆకులుగా మిగిలారు.

నెలాఖరున మంత్రిగారు బటన్ నొక్కారు. చప్పట్లు మోగాయి. వేదిక దిగుతూ కమిషనర్‌గారు ఆపరేటరమ్మని మనసారా మెచ్చుకున్నారు.

"ఇంత బాగా వచ్చాక ఇంక నీ అవసరం ఏముందమ్మా?"

కాంట్రాక్టు పొడిగించకుండా ఆవిడని తప్పించమనే ప్రతిపాదన మీద అక్కడే చేత్తో సంతకం చేసి, ఇకనుంచి తుది ఆమోదం చెట్టులోనే జరగాలి గనక, స్కాన్ చేసి ఎక్కించమని ఆవిడకే ఇచ్చారు.

ఆవిడ ఎక్కించింది. ఆమోదించే అధికారం కమిషనర్‌గారి పెట్టెలోంచి నలభై ఒక్క పెట్టెలు దాటుకుంటూ దిగి, ఆవిడ తెర మీదే ఆగింది. ఫైలు మొదటినుంచీ చివరిదాకా చదివింది. "పునఃపరిశీలనకు" అని రాసి పైకి పంపింది. ఫైలు తేలేదాకా మనిషిని కదపకూడదన్నది శాఖలో పాత నిబంధన.

పదిహేను రోజుల తర్వాత కమిషనర్‌గారు సెలవు చీటీ పట్టుకుని తనే మేడ దిగి వచ్చారు.

"అక్కడ పెట్టండి సార్, చూస్తాను," అంది ఆపరేటరమ్మ.

ఆయన పెట్టారు.

"అమ్మా, ఆ నీ ఫైలు ఏమైంది?"

"మీ పెట్టెలోనే ఉంది సార్. మీరు తెరవడమే ఆలస్యం."