ఉత్తుత్తూరులో ఐదో డప్పు

ఒక పెద్ద అడవిలో నడవాలన్నా చీటీ కావాల్సిందే. వాగు దాటడానికి ఒక చీటీ, దాటినవాళ్లు వెనక్కి రావడానికి ఇంకో చీటీ. చెట్టెక్కడానికి ఎక్కుడు చీటీ ఉండేది. దిగుడు చీటీ అచ్చు వేయించడం మరిచిపోయారు కాబట్టి కొన్ని ఉడుతలు మూడేళ్లుగా పైనే కాపురం పెట్టేశాయి.

ఆ చీటీల మీద ముద్ర కొట్టే ఉద్యోగం పొలుసమ్మ అనే అలుగుది. ఒంటినిండా పొలుసులు, మనసునిండా నిబంధనలు. పన్నెండేళ్లలో ఒక్క ముద్ర వంకరగా పడలేదు. భయమేస్తే బంతిలా చుట్టుకుపోవడం అలుగుల జాతి లక్షణం. పొలుసమ్మ అయితే పై అధికారి దగ్గినా చుట్టుకుపోయేది.

ఇలా ఉండగా వాగు అవతల ఎండిపోయిన లోయలో తోకలరాజు అనే కొండముచ్చు ఒక వింత ఊరు కట్టాడు. మట్టి అంగళ్లు, గడ్డి ఏనుగులు, చెక్కబళ్లు, సొరకాయ బుర్రల్లో తేనె పేరుతో బెల్లంపానకం. ఊరి పేరు ఉత్తుత్తూరు.

అక్కడికి వెళ్లినవాళ్లు ఏమైనా చేయొచ్చు. బండి ఎత్తుకుపోవచ్చు, అంగడి కూలదోయొచ్చు, గడ్డి ఏనుగును తన్నొచ్చు. ఒక తప్పు చేస్తే వడ్రంగిపిట్ట డప్పు మీద ఒక దెబ్బ వేస్తుంది, ఒక రేచుకుక్క వెంటపడుతుంది. ఇంకో తప్పుకు రెండో దెబ్బ, మరికొన్ని కుక్కలు. ఐదో దెబ్బ పడిందంటే మంద మందంతా దిగుతుంది. దొరికినవాణ్ణి బురదగుంటలో ఒక్క ముంచు ముంచి వదిలేస్తారు. లేచి, దులుపుకుని, మళ్లీ మొదలు.

మూడు నెలలు తిరిగేసరికి అడవంతా అక్కడే ఉంది.

పంచాయతీ అత్యవసరంగా కూర్చుంది. అధ్యక్షుడు జూలప్ప అనే ఎలుగుబంటి బల్ల గుద్దాడు.

"జాతి చెడిపోతోంది! ఉమ్మడి గుహలో మన తేనెంతా పోయింది, గుర్తుందా? ఇదిగో, ఇలాంటి ఆటల వల్లే!"

"అధ్యక్షా, తేనె పోయి తొమ్మిదేళ్లయింది. ఆట మొదలై మూడు నెలలేగా?" అని ఒక ముసలి తాబేలు గొణిగాడు.

"అంటే ముందుచూపుతో దొంగిలించారన్నమాట. ఎంత కరుడుగట్టిన ముఠానో చూడండి!" అన్నాడు కార్యదర్శి వినయమూర్తి. ఆయన నక్క.

సభ ముగిశాక జూలప్ప పొలుసమ్మను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, నిన్ను ఏకసభ్య విచారణ సంఘంగా వేస్తున్నాను. ఇంతమంది ఆ ఆటకు ఎందుకు ఎగబడుతున్నారో మూడు రోజుల్లో నివేదిక ఇవ్వు. చివర్లో మాత్రం తేనె దొంగలు ఆ ఆటగాళ్లేనని రాయి. కొండముచ్చును అడవి దాటిస్తాం. రాయలేదనుకో..." అంటూ ఆమె నడుముకు వేలాడుతున్న ముద్రకేసి చూశాడు.

పొలుసమ్మ చుట్టుకుపోయింది. బంతి లోపలి నుంచి "చిత్తం" అని మాత్రం వినిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఉత్తుత్తూరు పొలిమేరలో నిలబడింది.

"దరఖాస్తు ఎక్కడివ్వాలి?" అని అడిగింది.

"దేనికక్కా?" అన్నాడు తోకలరాజు.

"లోపల నడవడానికి."

"కాళ్లున్నాయిగా!"

పొలుసమ్మకు కళ్లు తిరిగాయి. ఒక అడుగు వేసింది. ఎవరూ ఆపలేదు. రెండో అడుగు వేసి వెనక్కి చూసింది. ఎవరూ పిలవలేదు. ఎడమకు తిరగాలనిపించి ఎడమకు తిరిగింది. ఎందుకు తిరిగావని అడిగే నాథుడే లేడు! గంటసేపు ఆమె ఏ తప్పూ చేయలేదు, ఊరికే తిరిగింది. మట్టి మిద్దె ఎక్కింది, దిగింది. దిగడానికి ఎవరూ చీటీ అడగలేదని మళ్లీ ఎక్కి మళ్లీ దిగింది.

అప్పుడు ఒక అంగట్లో సొరకాయ బుర్ర కనిపించింది. అటూ ఇటూ చూసి, కళ్లు గట్టిగా మూసుకుని, దాన్ని చంకలో పెట్టుకుంది.

ఢం!

"అయ్యబాబోయ్!" అని పరుగెత్తింది. పరుగులో అంగడి కూలింది. ఢం! ఎదురుగా ఉన్న చెక్కబండిలోకి దూకింది. ఢం! బండి పల్లానికి దొర్లి గడ్డి ఏనుగు కడుపులోంచి ఇవతలికొచ్చింది. ఢం! వెనక తొమ్మిది రేచుకుక్కలు. బండి చక్రం ఊడింది. అలవాటు కొద్దీ పొలుసమ్మ చుట్టుకుపోయింది, కాకపోతే ఈసారి కొండవాలు మీద. బంతి దొర్లింది, ఎగిరింది, మూడు అంగళ్లూ రెండు బళ్లూ పడగొట్టి, డప్పు కొడుతున్న వడ్రంగిపిట్టనే గుద్దింది. ఐదో దెబ్బ డప్పు మీద పిట్ట తలే కొట్టింది.

బురదలో ముంచి లేపేసరికి పొలుసమ్మ నవ్వుతోంది. పన్నెండేళ్ల నవ్వు ఒక్కసారే రావడంతో ఎక్కిళ్లు కూడా వచ్చాయి.

"ఇంకోసారి!" అంది.

పక్కనే బురదలో కుందేలు చెవులయ్య మాస్టారు కూర్చుని ఉన్నాడు. బడిలో గడ్డిపరకైనా తొక్కని మనిషి, ఇక్కడ పదకొండు బళ్లు ఎత్తుకుపోయాడు.

"మీరేమిటి మాస్టారూ?"

"పొద్దస్తమానం 'కూర్చో, కదలకు' అని చెబుతుంటానమ్మా. నాకూ కాళ్లున్నాయని ఇక్కడే గుర్తొస్తుంది," అన్నాడు.

"మరి ఇంటికెళ్లాక దొంగతనం చేయాలనిపించదా?"

"ఛీ ఛీ! నిజంగా ఎవరిదైనా పోతే పాపం ఏడవరూ? ఇక్కడ ఏడ్చేది గడ్డి ఏనుగు. దానికి కళ్లే లేవు!"

రేచుకుక్కల పెద్ద శూరప్పను కూడా ఆమె ప్రశ్నించింది. అతని దళమే పగలు అడవికి కాపలా, సెలవు దొరికితే ఇక్కడ ఆటకు కాపలా.

"ఉన్న పని చాలదా శూరప్పా?"

"అక్కడ పనెక్కడిది అమ్మగారూ? తేనె పోయిన రోజు పాదాల గుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి. తరుముతామన్నాం. తరుముడు చీటీ తెమ్మన్నారు. ఆ దరఖాస్తు తొమ్మిదేళ్లుగా బల్ల మీదే ఉంది."

"ఎవరి బల్ల?"

"అధ్యక్షులవారిది. ఇక్కడైతే తప్పు జరిగాక ఆరు లెక్కపెట్టేలోపే మేం అక్కడుంటాం. దొంగకూ సరదా, మాకూ సరదా."

పొలుసమ్మ ఎక్కిళ్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ తాను ముద్ర కొట్టిన చీటీలన్నీ నడిచేవాళ్లకే. తరిమేవాళ్లకు ఒక్కటీ కొట్టలేదు.

మూడో రోజు నివేదిక అందకపోయేసరికి జూలప్ప స్వయంగా తనిఖీకి వచ్చాడు. వెనకే వినయమూర్తి.

"ఛీ, ఏం దిగజారుడు!" అంటూ అంగళ్ల మధ్య నడిచాడు. సొరకాయ బుర్రల దగ్గర ఆగాడు. నోటితో ఉపన్యాసం సాగుతూనే ఉంది, చెయ్యి మాత్రం తన దారిన తాను బుర్రలోకి వెళ్లిపోయింది. పాత అలవాటు.

ఢం!

"ఎవడ్రా కొట్టింది? నేను అధ్యక్షుణ్ణి!"

"ఇక్కడ అధ్యక్షులుండరండీ," అని చెట్టు మీంచి తోకలరాజు మర్యాదగా చెప్పాడు.

శూరప్ప దళం దూకింది. తొమ్మిదేళ్లుగా ఎవరూ తరమని ఎలుగుబంటికి తనను తరుముతున్నారంటే నమ్మకం కుదరలేదు. కుదిరాక కాళ్లు ఆగలేదు. అంగడి కూలింది, బండి విరిగింది, వినయమూర్తి నలిగాడు. ఐదో డప్పు మోగింది. ఇది ఆటేనన్న సంగతి మరిచిపోయి జూలప్ప పొలిమేర దాటి, వాగు దాటి, ఇంటిదారి పట్టాడు. వెనక రేచుకుక్కలు, వాటి వెనక ఈలలు వేస్తూ అడవంతా. చెవులయ్య మాస్టారు బండి మీద!

వాగు గట్టున రేచుకుక్కలు టక్కున ఆగిపోయాయి.

"అవతల అసలు అడవి అమ్మగారూ," అన్నాడు శూరప్ప, వెనకే వచ్చిన పొలుసమ్మతో రొప్పుతూ. "తరుముడు చీటీ లేదు."

జనం నిట్టూర్చారు. జూలప్ప వెనక్కి తిరిగి చూసి, ఊపిరి పీల్చుకుని, నవ్వాడు కూడా. "పొలుసమ్మా! నా సంతకం లేకుండా ముద్ర వేశావంటే ఉద్యోగం ఊడుతుంది!"

పొలుసమ్మ ఒళ్లు చుట్టుకోబోయింది. సగం చుట్టుకుని ఆగింది. దరఖాస్తు లేదు, కాగితం లేదు. నడుముకున్న ముద్ర తీసి శూరప్ప నుదుటి మీదే ఠపీమని కొట్టింది. వంకరగా పడింది.

"పొండి!"

ఆ తర్వాత తరిమిన తరుముడు అడవి ఎప్పుడూ చూడలేదు. జూలప్ప దాక్కోవడానికి తనకు తెలిసిన అన్నిటికంటే భద్రమైన చోటికి పరుగెత్తాడు. తన ఇంటి నేలమాళిగలోకి. శూరప్ప తలుపు తోసేసరికి ఆయన కుండల వెనక నక్కి ఉన్నాడు. కుండలన్నిటి మీదా 'ఉమ్మడి తేనె' అని పంచాయతీ గుర్తు. తొమ్మిదేళ్ల కేసు పావుగంటలో తేలిపోయింది.

ఆ సాయంత్రం అడవంతా తేనె నాకింది. ఉడుతలు కూడా చీటీ లేకుండానే దిగొచ్చాయి.

కొత్త అధ్యక్షుడు వినయమూర్తి అయ్యాడు. పొలుసమ్మ నివేదిక ఒక్క వాక్యమే: 'అక్కడ తప్పు చేస్తే తరుముతారు, అందుకే బాగుంటుంది.' ఆయన అది రెండుసార్లు చదివి, మెడ తుడుచుకుని, మొదటి ఉత్తర్వు వేశాడు. ఉత్తుత్తూరులో దొంగతనాలు ఎన్నైనా చేసుకోవచ్చు, తరమడం మాత్రం నిషేధం.

మర్నాడు అక్కడికి ఒక్క ప్రాణీ వెళ్లలేదు.

"తరమని దొంగతనానికి అంత దూరం నడవడం దేనికి? అది పంచాయతీలో ఉన్నదేగా!" అన్నాడు చెవులయ్య మాస్టారు.

పనిలేక రేచుకుక్కలన్నీ పొలుసమ్మ కిటికీ ముందు వరస కట్టాయి. కొత్త అధ్యక్షుడి సంతకం నమూనా ఇంకా కార్యాలయానికి అందలేదు కాబట్టి, నిబంధన ప్రకారం అంతవరకూ ముద్ర ఒక్కటే చాలునని ఆమె కనిపెట్టింది. నమూనా కోసం దరఖాస్తు పెట్టుకోమని వినయమూర్తికి చెప్పి, రోజూ పొద్దున్నే డజను తరుముడు చీటీలు ఠపాఠపా కొట్టసాగింది, అన్నీ వంకరగానే.

ఆ ఏడు పంచాయతీ సభ్యులందరూ చాలా సన్నబడ్డారు.

నీతి: దొంగతనం చేయక తప్పదనిపిస్తే తరిమేవాళ్లున్న చోటే చేయండి, ఒంటికి మంచిది.